డబ్బా మీద 5000 వాట్లు: స్పీకరుకు నిజంగా చేరేది ఎంత?

వంశధార_తీరం (నరసన్నపేట)

అందరికీ నమస్కారం. మా ఊరి రామాలయంలో ప్రతి శనివారం భజన జరుగుతుంది. పాత మైకు సెట్టు మరమ్మతుకు కూడా పనికిరాకుండా పోయింది. కొత్తది కొందామని శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల దుకాణాలు తిరిగాను. ఒకచోట నాలుగు వేల లోపు ధరకు ఒక ఆంప్లిఫైయర్ చూపించారు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ‘5000 వాట్లు పి.ఎం.పి.ఓ.’ (పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్) అని ఉంది. అదే అరలో పేరున్న కంపెనీ ఆంప్లిఫైయర్ ఒకటి ఉంది. దాని ధర ఇంతకు రెండింతలు పైనే. దాని మీద మాత్రం 60 వాట్లు అని రాసి ఉంది.

తక్కువ డబ్బుకు 5000, ఎక్కువ డబ్బుకు 60 ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు. దుకాణదారుని అడిగితే ‘అది వేరే లెక్కండీ’ అన్నారు తప్ప ఆ లెక్క ఏమిటో చెప్పలేదు. మూత తీయించి చూశాను. ట్రాన్స్‌ఫార్మర్ మీద 12-0-12, 5 ఆంపియర్లు అని ఉంది. వెనక ఫ్యూజు 1 ఆంపియర్. బోర్డు మీద పెద్ద ట్రాన్సిస్టర్లు నాలుగు ఉన్నాయి. ఇది చందాల సొమ్ము. ఒక్కొక్కరు వంద, రెండు వందలు ఇచ్చి పోగుచేసినది. తెలిసినవారు చెప్పండి.

మూడు_లాంతర్లు (విజయనగరం)

అన్నయ్యా, అంకెల గురించి అంత ఆలోచించకండి. ఇలాంటిదే నా దగ్గర ఉంది. రెండు పన్నెండు అంగుళాల ఊఫర్లకు కలిపాను. వాల్యూమ్ సగం తిప్పితే కిటికీ అద్దాలు గలగలలాడతాయి. సగానికే అంత మోత వస్తే పూర్తిగా తిప్పితే ఎంత వస్తుందో ఊహించుకోండి. ఆ ధరకు ఇంకేం కావాలి? తీసుకోండి.

నాగావళి (శ్రీకాకుళం)

వంశధార గారూ, మీరు అడగవలసిన ప్రశ్నే అడిగారు. జవాబు కూడా మీరు చూసి వచ్చిన ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీదే ఉంది. కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ని కనుక లెక్క వేసి చూపిస్తాను. పెద్ద గణితం అవసరం లేదు.

ముందు ఫ్యూజు సంగతి. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్ట్లు. 5000 వాట్లు కావాలంటే గోడ నుంచి కనీసం 22 ఆంపియర్లు లాగాలి. ఇంట్లో ఏ.సి.కి పెట్టే 16 ఆంపియర్ల ప్లగ్గు కూడా దానికి చాలదు. మీరు చూసిన పెట్టెకు ఉన్నది 1 ఆంపియర్ ఫ్యూజు. 230 వోల్ట్లను 1 ఆంపియర్‌తో గుణిస్తే 230. అంతకు మించి నిలకడగా లాగితే ఆ ఫ్యూజు కాలిపోవాలి. అంటే తయారు చేసినవారికే ఆ పెట్టె 5000 వాట్లు ఇవ్వదని తెలుసు. తెలిసే డబ్బా మీద అచ్చు వేశారు. నాకు బాధ కలిగించేది అదే.

ఇక ట్రాన్స్‌ఫార్మర్. 12-0-12 అంటే మధ్య తీగకు రెండు వైపులా పన్నెండేసి, కలిపి 24 వోల్ట్లు. దానికి 5 ఆంపియర్లు అంటే మొత్తం మీద 120 వోల్ట్ ఆంపియర్లు. ఆ 5 ఆంపియర్లు నిజమైతేనే సుమా. బావిలో ఊట లేకపోతే మోటారు ఎన్ని గుర్రాలదైతే ఏం లాభం? ఆంప్లిఫైయర్‌కు ఊట అంటే ఈ ట్రాన్స్‌ఫార్మరే. ఇలాంటి ఏ.బి. తరగతి బోర్డులు (అల పై సగాన్ని, కింది సగాన్ని ట్రాన్సిస్టర్లు పంచుకునేవి) లాగిన కరెంటులో కొంత వేడిగా పోగొట్టుకుంటాయి. సిద్ధాంతం ప్రకారం చూసినా గరిష్ఠ సామర్థ్యం 78.5 శాతం. వాడుకలో అంత కూడా రాదు.

అసలు హద్దు వోల్టేజీ దగ్గర ఉంది. 12 వోల్ట్ల ఏ.సి. కరెంటును డయోడ్లతో ఒకే దిశకు సరిచేస్తే శిఖరం దాదాపు 17 వోల్ట్లు. డయోడ్ల నష్టం, లోడు పడినప్పుడు తగ్గుదల తీసేస్తే 16 అనుకోండి. ట్రాన్సిస్టర్లు మరో రెండు, మూడు వోల్ట్లు తినేస్తాయి. స్పీకరుకు అందే అల శిఖరం 13 వోల్ట్లు. దీన్ని 1.414తో భాగిస్తే 9.2 వోల్ట్ల ఆర్.ఎం.ఎస్., అంటే నిలకడ శక్తి లెక్కకు పనికొచ్చే వోల్టేజీ. వర్గం చేసి స్పీకరు నిరోధంతో, అంటే 8 ఓంలతో భాగించండి. 10.6 వాట్లు వస్తుంది. ఒక్కో ఛానల్‌కు, అంటే ఒక్కో స్పీకరు వైపుకు, పది, పదకొండు వాట్లు. బోర్డు మీద నాలుగు ట్రాన్సిస్టర్లు ఉన్నా, నలభై ఉన్నా, ఆ వోల్టేజీతో 8 ఓంల స్పీకరులోకి అంతకు మించి పంపలేవు.

పలాస_జీడి (పలాస)

మాస్టారూ, మరి కారు డెక్కుల మీద ‘4×50 వాట్లు’ అని ఉంటుంది కదా? మా జీపులో అదే ఉంది. అదీ అబద్ధమేనా? బ్యాటరీ 12 వోల్ట్లే కదా.

నాగావళి (శ్రీకాకుళం)

మంచి ఉదాహరణ తెచ్చారు. ఇంజను నడుస్తున్నప్పుడు 14.4 వోల్ట్లు అనుకుందాం. కారు డెక్కుల్లో స్పీకరు రెండు తీగలకూ ఎదురెదురుగా పనిచేసే రెండు ఆంప్లిఫైయర్లు ఉంటాయి. దాన్ని బ్రిడ్జి పద్ధతి అంటారు. అందువల్ల శిఖరం ఆ 14.4 దాకా వెళ్లగలదు. స్పీకరు 4 ఓంలు. శుద్ధమైన సైన్ తరంగానికి (నునుపైన ఒకే స్వరపు అలకు) 14.4 వర్గాన్ని 2తో, మళ్లీ 4తో భాగిస్తే 26 వాట్లకు కొంచెం తక్కువ. నష్టాలేవీ లేని ఊహాలోకంలో మాట అది.

ఇప్పుడు వాల్యూమ్ పూర్తిగా పెంచి, అల కొనలన్నీ తెగిపోయి చతురస్రంగా మారిందనుకోండి. అప్పుడు 2తో భాగించనక్కర్లేదు. 14.4 వర్గాన్ని నేరుగా 4తో భాగిస్తే 51.8. మీ డెక్కు మీద అచ్చైన 50 ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసింది కదా. ఎవరూ వినలేని కర్ణకఠోరమైన ధ్వనిలో కొలిచిన అంకె అది. పాట వినేందుకు మీకు దక్కేది ఛానల్‌కు పద్దెనిమిది, ఇరవై వాట్లు. జీపులో అది ధారాళంగా సరిపోతుంది.

చంపావతి (విజయనగరం)

నేను ఆంప్లిఫైయర్లు, టీవీలు బాగుచేసే దుకాణం నడుపుతాను. వంశధార గారు చెప్పినలాంటి పెట్టె ఒకటి ఇప్పుడు నా బల్ల మీదే ఉంది. మరమ్మతుకు ఇచ్చినవారి అనుమతితో కొలిచాను. దీని మీద 5000 లేదు, 2000 అని రాసి ఉంది. లోపల ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం అదే 12-0-12.

స్పీకరు బదులు అల్యూమినియం తొడుగున్న 8 ఓంల వైర్‌వౌండ్ రెసిస్టర్లు పెట్టాను. ఫోను నుంచి 80 హెర్ట్జ్ సైన్ తరంగం ఇచ్చాను. చౌక మల్టీమీటర్లు పెద్ద పౌనఃపున్యాల దగ్గర ఏ.సి. వోల్టేజీని సరిగా చూపవు. అందుకే 1000 హెర్ట్జ్ వాడలేదు. పక్కన అల ఆకారాన్ని తెర మీద చూపే చిన్న ఆసిల్లోస్కోప్ ఉంది. వాల్యూమ్ నెమ్మదిగా పెంచుతూ పోయాను. తొమ్మిది వోల్ట్లు దాటేవరకు అల గుండ్రంగా, నునుపుగా ఉంది. 9.3 దగ్గర పై కొన చదునెక్కింది. ఇంకాస్త తిప్పితే కింది కొన కూడా చదునైంది. ఆ చదును మీద మళ్లీ చిన్న చిన్న ముడతలు కదులుతూ కనిపించాయి. అవి సరఫరాలోని 100 హెర్ట్జ్ అలలు. విద్యుత్తును దాచి అందించే కండెన్సర్లు చిన్నవి కావడంతో సరఫరా వోల్టేజీయే ఎగిసి పడుతోందన్నమాట. భజనలో తాళం గట్టిగా పడ్డప్పుడు వినిపించే ‘గుర్ర్’ అనే ధ్వనికి మూలం అదే.

ఒక ఛానల్ మాత్రమే నడిపినప్పుడు 9.2 వోల్ట్ల వరకు శుభ్రంగా ఉంది. అంటే 10.6 వాట్లు. మాస్టారి లెక్కే వచ్చింది. రెండు ఛానళ్లూ కలిపి నడిపితే ఒక్కోదానికి 8.6 వోల్ట్లు, 9.2 వాట్లు. 4 ఓంలు పెట్టి రెండూ నడిపితే 7.4 వోల్ట్లకు పడిపోయింది. అప్పుడు ఛానల్‌కు 13.7 వాట్లు. కాసేపటికే ట్రాన్స్‌ఫార్మర్ చేయి పెట్టలేనంత వేడెక్కింది, నేను ఆపేశాను. రెండు వేల వాట్ల పెట్టె నుంచి రెండు ఛానళ్లూ కలిపి నిజంగా వచ్చింది 8 ఓంల దగ్గర 18 వాట్లు.

ఆ ట్రాన్సిస్టర్ల గురించి కూడా ఒక మాట. ఇలాంటి బోర్డుల మీద కనిపించే 2ఎస్‌సీ5200, 2ఎస్‌ఏ1943 జంట మంచి సరుకు. తోషిబా వివరాల పత్రంలో ఒక్కోదానికి 150 వాట్లు అని ఉంటుంది. అది స్పీకరుకు ఇచ్చే శక్తి కాదు. ట్రాన్సిస్టర్ ఒంటి వేడిని 25 డిగ్రీల దగ్గర పట్టి ఉంచగలిగితే అది లోపల భరించగల వేడి. మన ఎండాకాలంలో, అరచేతి వెడల్పు హీట్ సింక్ (వేడిని బయటికి వదిలే లోహపు రేకు) మీద అది జరిగే పని కాదు. పైగా ఆ నంబరు అచ్చు వేసిన నకిలీలు బజారులో చాలా ఉన్నాయి. కాలిపోయిన వాటిని పగలగొట్టి చూస్తుంటాను. లోపల సిలికాన్ ముక్క అసలుదానిలో సగం కూడా ఉండదు.

మూడు_లాంతర్లు (విజయనగరం)

చంపావతి అన్నయ్యా, మీ కొలతను కాదనను. కానీ పాట సైన్ తరంగం కాదు. డోలు దెబ్బ ఒక్క క్షణమే ఉంటుంది. ఆ క్షణానికి కండెన్సర్లు దాచిన శక్తిని ఇస్తాయి కదా? పి.ఎం.పి.ఓ. అంటే ఆ క్షణపు శక్తి అని విన్నాను. అలాగైతే పూర్తి అబద్ధం అనలేం. నాకు కిటికీలు గలగలలాడిన మాట కూడా నిజమే.

నాగావళి (శ్రీకాకుళం)

న్యాయమైన ప్రశ్న. సంగీతంలో శిఖరాలు సగటు కంటే చాలా ఎత్తుగా ఉంటాయి, నిజమే. అందుకే కాస్త మిగులు శక్తి ఉండాలి. ఇప్పుడు కండెన్సర్‌లో ఎంత దాగుతుందో చూద్దాం. ఇలాంటి పెట్టెల్లో 4700 మైక్రోఫారడ్‌లవి రెండు ఉంటాయనుకుందాం. 17 వోల్ట్ల దగ్గర ఒక్కోదానిలో ఉండేది 0.68 జౌల్. రెండింటిలో 1.36. వెయ్యి వాట్లు అంటే సెకనుకు వెయ్యి జౌళ్లు. మొత్తం ఖాళీ చేసినా వెయ్యి వాట్లు సెకనులో వెయ్యో వంతుకు కాస్త పైన మాత్రమే నిలుస్తుంది. అది కూడా కాగితం మీదే. 17 వోల్ట్లను 8 ఓంలకు నేరుగా తగిలించినా ఆ క్షణంలో వెళ్లేది 36 వాట్లు. క్షణపు శక్తికి కూడా వోల్టేజీ హద్దు తప్పదు.

పి.ఎం.పి.ఓ.కు అందరూ ఒప్పుకున్న కొలత పద్ధతి లేదు. ఎంత సేపు, ఎంత డిస్టార్షన్ (అల ఆకారం చెడిపోవడం) దగ్గర, ఎన్ని ఛానళ్లు కలిపి అన్నది రాసేవారి ఇష్టం. అమెరికాలో ఇలాంటి అంకెల పోటీ ముదిరే అక్కడి వ్యాపార కమిషన్ 1974లో ఇళ్లలో వాడే ఆంప్లిఫైయర్ల కోసం ప్రత్యేక నియమం తెచ్చింది. వాట్లు ప్రకటిస్తే ఎన్ని ఓంల దగ్గర, ఏ పౌనఃపున్యం నుంచి ఏ పౌనఃపున్యం వరకు, ఎంత డిస్టార్షన్‌తో అన్నది కూడా చెప్పి తీరాలన్నది దాని సారం. ఈ మూడూ పక్కన లేని వాట్ల అంకెను నేను లెక్కలోకి తీసుకోను.

మీ కిటికీల సంగతి: పది వాట్లతో గదిలో కిటికీలు గలగలలాడటంలో వింత లేదు, తమ్ముడూ. పది వాట్లు చిన్నది కాదు. సగం తిప్పితే అంత వచ్చిందంటే మిగతా సగంలో మరింత శక్తి దాగి ఉందని కాదు. ఫోను ఇచ్చే సిగ్నల్‌కు సగం దగ్గరే ఆంప్లిఫైయర్ నిండిపోయింది. ఆపైన తిప్పితే పెరిగేది డిస్టార్షన్.

మూడు_లాంతర్లు (విజయనగరం)

17 వోల్ట్లు, 36 వాట్లు అన్న లెక్కతో విషయం తేలిపోయింది మాస్టారూ. ఇంత సూటిగా నాకెవరూ చెప్పలేదు. అయితే ఆ పైసగం తిప్పితే స్పీకర్లకు ప్రమాదమా?

చంపావతి (విజయనగరం)

ట్వీటర్లకు, అంటే ఎత్తైన స్వరాలు పలికే చిన్న స్పీకర్లకు ప్రమాదమే. అల కొనలు తెగినప్పుడు అసలు పాటలో లేని ఎత్తైన స్వరాలు పుడతాయి. అవి ట్వీటరుకు వెళతాయి, దాని సన్నటి తీగ మాడిపోతుంది. నా దగ్గరకు వచ్చే మాడిన ట్వీటర్లలో చాలా వరకు చిన్న ఆంప్లిఫైయర్‌ను చివరిదాకా తిప్పి వాడినవే.

బొబ్బిలి_వీణ (బొబ్బిలి)

నేను పాట వైపు నుంచి మాట్లాడతాను. వంశధార గారికి కావలసింది భజన. హార్మోనియం, మద్దెల, తాళాలు, పది, పదిహేను గొంతులు. అక్కడ ప్రాణం మాటలో ఉంటుంది. ‘రామ’ అన్న మాట చివరి వరుసలో కూర్చున్న ముసలమ్మకు ‘రామ’ అనే వినిపించాలి. పెద్ద వాట్ల మోజులో పడిన మైకు సెట్లలో తాళం చెవులు చిల్లులు పొడుస్తుంది, మాట మాత్రం బురదలో కూరుకుపోతుంది. మా ఊళ్లో తప్పెటగుళ్ల బృందం ఆడినప్పుడు చూశాను. గుండెకు కట్టుకున్న ఆ తప్పెటల మోతకు మైకే అక్కర్లేదు. పాడే గొంతుకే కావాలి. అక్కడ కూడా నిర్వాహకులు ఊఫర్లకే డబ్బు పోశారు.

వాట్ల కంటే ముందు స్పీకరు సున్నితత్వం అడగండి. ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో మోత ఎన్ని డెసిబెల్స్ అని వెనక రాసి ఉంటుంది. ఇంట్లో వాడే చిన్న పెట్టెలకు 88 దాకా ఉంటే, బహిరంగ సభలకు వాడే మంచి స్పీకర్లకు 98 ఉంటుంది. 88 ఉన్నదానికి వంద వాట్లు ఇచ్చినా 98 ఉన్నదానికి పది వాట్లు ఇచ్చినా చెవికి ఒకటే మోత, 108. శక్తి రెండింతలైతే పెరిగేది 3 డెసిబెల్సే. వినేవారికి అది ‘కొంచెం పెరిగింది’ అనిపిస్తుంది, అంతే. రెండింతల మోత అనిపించాలంటే సుమారు పది రెట్ల శక్తి కావాలి. అందుకే నేనైతే డబ్బులో ఎక్కువ భాగం మంచి స్పీకరు మీద, మంచి మైకు మీద పెడతాను.

వంశధార_తీరం (నరసన్నపేట)

అందరికీ ధన్యవాదాలు. మా ఆలయం చిన్నది, ముందు పందిరి వేస్తాం. ఒక స్పీకరు లోపల, ఒకటి వీధి చివర రావిచెట్టు దగ్గర. చెట్టు దాకా తీగ పాతిక మీటర్లు పడుతుంది. పాత సెట్టుకు వాడిన సన్న తీగ అలాగే ఉంది. అది చాలుతుందా? ఇంకో ఇబ్బంది: వరి నీళ్ల మోటార్లు నడిచే రోజుల్లో మా ఊళ్లో కరెంటు 180 వోల్ట్లకు పడిపోతుంది.

పందిరి_సౌండ్ (రాజాం)

పందిళ్లకు సౌండు పెట్టేవాణ్ని కనుక ఈ రెండింటికీ నేను చెబుతాను.

తీగ విషయంలో చాలామంది లెక్క వేయరు. సన్న తీగ అంటే అర చదరపు మిల్లీమీటరు అనుకుందాం. పోను పాతిక, రాను పాతిక, మొత్తం 50 మీటర్ల రాగి. దాని నిరోధం 1.7 ఓంలు. 4 ఓంల స్పీకరు పెడితే, దానికి చేరే శక్తి తీగ లేకుండా చేరేదాంట్లో సగం కూడా ఉండదు. ఆంప్లిఫైయర్ అసలే పది వాట్లు ఇస్తుంటే, అందులో సగం కూడా చేరకపోతే రావిచెట్టు దగ్గర ఏం వినిపిస్తుంది?

మీరు చూసిన 60 వాట్ల పెట్టె వెనక 4, 8, 16 ఓంలతో పాటు ‘100 వోల్ట్లు’ అని ఒక కొక్కెం ఉందేమో చూడండి. అహూజా లాంటి సభా ఆంప్లిఫైయర్లలో అది మామూలే. అక్కడి నుంచి స్పీకరుకు ఎక్కువ వోల్టేజీ, తక్కువ కరెంటు వెళుతుంది. కరెంటు తక్కువైతే తీగలో నష్టం దాదాపు ఉండదు. చెట్టు దగ్గర లైన్ ట్రాన్స్‌ఫార్మర్ (ఆ వోల్టేజీని మళ్లీ స్పీకరుకు తగ్గట్టు దించేది) ఉన్న హారన్ కడితే సన్న తీగ అయినా పని జరుగుతుంది. రైల్వే స్టేషన్లలో అంత పొడుగున స్పీకర్లు మోగేది ఈ పద్ధతిలోనే. ఆ 100 వోల్ట్ల తీగ ప్రాణం తీయగలదు. అతుకులు తెరిచి ఉంచకండి, పిల్లలకు అందే ఎత్తులో లాగకండి.

180 వోల్ట్ల సంగతి మాస్టారే చెప్పాలి. నాకు తెలిసింది, సాయంత్రం మోటార్లు ఆగాక మోత దానంతట అదే పెరుగుతుంది.

నాగావళి (శ్రీకాకుళం)

మీ అనుభవం నిజమే. సాధారణ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పెట్టెల్లో లోపలి వోల్టేజీ బయటి వోల్టేజీతో పాటే పడుతుంది. శక్తి వోల్టేజీ వర్గాన్ని అనుసరిస్తుంది. 180ని 230తో భాగించి వర్గం చేస్తే 0.61. అరవై వాట్లది ముప్పై ఆరు, ముప్పై ఏడు వాట్లు ఇస్తుంది. పది వాట్లది ఆరు. మిగులు ఉన్న పెట్టె కొనమని చెప్పడానికి ఇది బలమైన కారణం.

పలాస_జీడి (పలాస)

ఆన్‌లైన్‌లో చిన్న బోర్డులు దొరుకుతున్నాయి కదా, వాటి మాటేమిటి? టీడీఏ7297 బోర్డు ‘30 వాట్లు’ అని చూశాను. మా తమ్ముడు ఎల్ఏ4440 బోర్డు కొన్నాడు, ‘200 వాట్లు’ అట.

చంపావతి (విజయనగరం)

ఎల్ఏ4440 చాలా పాత సాన్యో చిప్పు, మన దగ్గర ఆటోల్లో, చిన్న డెక్కుల్లో ఎన్ని ఉన్నాయో లెక్కలేదు. దాన్ని చేసినవారే చెప్పింది 13.2 వోల్ట్ల దగ్గర, 4 ఓంలకు, ఛానల్‌కు 6 వాట్లు. రెండూ కలిపి బ్రిడ్జి చేస్తే 19. 200 అన్నది బోర్డు అమ్మేవారు కల్పించిన అంకె.

టీడీఏ7297కు తయారీదారు చెప్పింది 16.5 వోల్ట్ల దగ్గర, 8 ఓంలకు 15+15 వాట్లు. అదీ 10 శాతం డిస్టార్షన్ దగ్గర. 10 శాతం అంటే మామూలు చెవికే గరగర తెలిసిపోతుంది. 12 వోల్ట్ల అడాప్టరుతో నడిపితే ఛానల్‌కు ఆరేడు వాట్లు శుభ్రంగా వస్తుంది. ధరకు అది చక్కటి బోర్డు. ఇంట్లో వినేందుకు ధైర్యంగా కొనుక్కోండి. 30 అన్న మాటను మాత్రం మరిచిపోండి.

టీపీఏ3116 అని డి తరగతి చిప్పు (ట్రాన్సిస్టర్లను వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ నడిపేది) ఉంది. దాని మీద 50+50 అని ఉంటుంది. అది 21 వోల్ట్లు, 4 ఓంల దగ్గర మాట. చాలామంది పాత ల్యాప్‌టాప్ ఛార్జరు పెడతారు. 19 వోల్ట్లు, 3.42 ఆంపియర్లు అంటే మొత్తం 65 వాట్లు. లోపలికి 65 వెళ్లేచోట నిలకడగా బయటికి 100 రాదు. అయినా ఈ చిప్పు వేడిగా వృథా చేసేది తక్కువ కనుక, అదే ధరలో ఏ.బి. తరగతి పెట్టె కంటే నిజమైన వాట్లు ఎక్కువ ఇస్తుంది.

వంశధార_తీరం (నరసన్నపేట)

కొనేముందు దుకాణంలోనే తేల్చుకునే మార్గం ఉందా? ఆసిల్లోస్కోప్ పట్టుకెళ్లలేను కదా.

చంపావతి (విజయనగరం)

ఉంది. పెట్టెను రెండు చేతులతో ఎత్తి చూడండి. ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నదైతే బరువే సగం సంగతి చెబుతుంది. తర్వాత వెనక ‘విద్యుత్ వినియోగం’ ఎన్ని వాట్లో వెతకండి. వినియోగం 40 వాట్లు అని రాసి ముందు 5000 అని ఉంటే ఇక మాట్లాడనక్కర్లేదు. ఆర్.ఎం.ఎస్. వాట్లు, ఓంలు రెండూ చెప్పమనండి. చెబితే బిల్లు మీద రాయించుకోండి. రాయడానికి వెనుకాడితే బయటికి వచ్చేయండి.

చివరగా మీ ఫోనులో మీకు బాగా తెలిసిన గొంతు ఒకటి, పక్కవాద్యం తక్కువ ఉన్న పాట పెట్టించి, మీకు కావలసిన మోత వరకు పెంచి, అక్కడే కాసేపు ఉంచమనండి. ‘స’, ‘శ’ అక్షరాల దగ్గర గరగర మొదలైతే దాని హద్దు అదే. దుకాణంలో పెట్టే ఊఫర్ దరువు పాటలతో ఇది తెలియదు.

మీ పందిరికి నా సలహా ఆ 60 వాట్ల పెట్టె. చెట్టు దగ్గరికి హారన్ కాక మామూలు 8 ఓంల స్పీకరే పెట్టదలిస్తే రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేయండి. అదే 50 మీటర్లకు నిరోధం 0.34 ఓం. తీగ కొనేటప్పుడు కొన గీకి చూడండి, రాగి పూత పూసిన అల్యూమినియం అంటగడుతున్నారు. గీస్తే లోపల తెల్లగా కనిపిస్తుంది.